ఆంబోతుల పోట్లాటలో ఊరి లెక్క

ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఆ ఆంబోతులు రెండూ వేరే లోకం నుంచి దిగివస్తే, వాటి కాళ్ళ కింద లేగల బదులు ఒక మహానగరం ఉంటే, ఆ సామెతనే రెండున్నర గంటల సినిమాగా తీయవచ్చునని హాలీవుడ్ వారు కనిపెట్టారు. అయితే సామెత లేగల గురించి పుట్టింది, సినిమా ఆంబోతుల గురించి పుట్టింది. నా పేచీ అంతా ఈ తేడాతోనే.

గ్రహాంతరవాసుల కథలంటే పెదవి విరిచే సాహితీమిత్రులు నాకు కొందరున్నారు. వారితో నేను ఏకీభవించను. వేరే గ్రహం నుంచి వచ్చిన రెండు పక్షాలు మన ఊరి నడిబొడ్డున యుద్ధానికి దిగడమన్నది చాలా గంభీరమైన వస్తువు. ఆ తగవు మనది కాదు. దాని పుట్టుక మనకు తెలియదు. ఎవరు గెలిచినా మన ఇల్లు మాత్రం కూలుతుంది. ఇంతటి వస్తువును చేతిలో పెట్టుకుని కథకుడు ఏం చేశాడన్నదే ప్రశ్న. ఇటువంటి కథను తూచడానికి నా దగ్గరున్న గీటురాయి ఒక్కటే: కథకుడు నగరాన్ని పాత్రగా చూశాడా, లేక గోదాగా చూశాడా?

అందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెడతాను. ట్రాన్స్‌ఫార్మర్స్ అనే మరమనుషుల కథ 1984లో ఒక బొమ్మల వ్యాపారంగా పుట్టింది. హాస్బ్రో అనే అమెరికా సంస్థ, జపానుకు చెందిన తకారా సంస్థ చేసిన బొమ్మలను తీసుకుని, కొత్త పేర్లు పెట్టి, వాటిని ఆటోబాట్లు, డిసెప్టికాన్లు అని రెండు పక్షాలుగా విడగొట్టింది. సైబర్ట్రాన్ అనే గ్రహం మీద యుగాల తరబడి సాగిన అంతర్యుద్ధం భూమికి దిగివచ్చిందని ఒక కథ అల్లారు. ఇందులో నన్ను ఆకర్షించిన చిన్న విషయం ఒకటుంది. తకారా వారి డయాక్లోన్ బొమ్మల్లో యంత్రం లోపల కూర్చోబెట్టడానికి వేలెడంత కూడా లేని మనిషి బొమ్మలుండేవి. యంత్రాన్ని నడిపేది ఆ మనిషే. అమెరికాకు వచ్చేసరికి యంత్రానికే ప్రాణం పోశారు, ఆ చిన్న మనిషిని పెట్టెలోంచి తీసేశారు. వ్యాపారానికి అది సరైన నిర్ణయమే కావచ్చు. కాని తర్వాత వచ్చిన సినిమాలను చూసినప్పుడల్లా, పెట్టెలోంచి తీసేసిన ఆ మనిషి మళ్ళీ కథలోకి రానేలేదని నాకనిపిస్తుంది.

2007లో మైకేల్ బే తీసిన మొదటి సినిమాలో పతాక యుద్ధం మిషన్ సిటీ అనే కల్పిత నగరంలో జరుగుతుంది. ఆ నగరానికి యుద్ధం ఎలా వచ్చిందో గమనించండి. ఉభయపక్షాలూ వెతుకుతున్న ఘనాకార వస్తువు హూవర్ డ్యాము దగ్గర ఉంటుంది. శత్రునాయకుడు మెగాట్రాన్ కూడా అక్కడే గడ్డకట్టి ఉంటాడు. అతడు మేల్కొనే ప్రమాదం ఏర్పడగానే, ఆ ఘనాన్ని ఇరవై రెండు మైళ్ళ దూరంలో ఉన్న నగరానికి తీసుకుపోయి దాచాలని మన పక్షపు సైనికాధికారే నిర్ణయిస్తాడు. చుట్టూ ఎడారి. మనుషులు లేని నేల కనుచూపు మేర ఉంది. అయినా ప్రాణాంతకమైన ఆ వస్తువును జనం కిక్కిరిసిన వీధుల్లోకి తీసుకువెళ్తారు! సినిమాలో దీన్ని తప్పని ఎవరూ అనరు. రక్షణమంత్రి కూడా వైమానిక దళం అండ ఎలా అన్నదాని గురించి ఆలోచిస్తాడు తప్ప, ఆ ఊళ్ళో ఎందరున్నారని అడగడు. ఎందుకు అడగడు? ఎడారిలో కూలడానికి భవనాలుండవు కాబట్టి. కూలకపోతే చూసేవాడికి కిక్కు ఉండదు కాబట్టి. నగరం అక్కడ నివసించే వాళ్ళ కోసం లేదు, పగలడం కోసం ఉంది.

2011లో వచ్చిన మూడో సినిమాలో కల్పిత నగరాన్ని వదిలి నిజమైన షికాగోకే వచ్చారు. మిషిగన్ అవెన్యూ, వాకర్ డ్రైవ్, నది, వంతెనలు అన్నీ గుర్తుపట్టేటట్లు కనిపిస్తాయి. డిసెప్టికాన్లు నగరాన్ని ఆక్రమిస్తారు. వారి ఆలోచనలో కొంత అర్థం ఉంది కూడా: నాశనమైన తమ గ్రహాన్ని ఇక్కడికి రప్పించాలి, దాన్ని పునర్నిర్మించడానికి మనుషులను బానిసలుగా వాడుకోవాలి. వలసపాలన చరిత్ర తెలిసిన ఏ దేశపు పాఠకుడికైనా ఈ పథకం కొత్తది కాదు. హెచ్. జి. వెల్స్ 1898లో అంగారకులను ఇంగ్లండు మీదకు దింపినప్పుడు, యూరోపు వారి చేతిలో టాస్మేనియా ఆదివాసులకు పట్టిన గతిని మొదటి అధ్యాయంలోనే తన పాఠకులకు గుర్తుచేశాడు. మూడో సినిమాకు ఆ లోతు అందుబాటులోనే ఉండింది. అందుకోలేదు.

అంతకన్నా నన్ను కలవరపెట్టినది మంచివాళ్ళ ప్రవర్తన. బెదిరింపులకు లొంగిన మానవ ప్రభుత్వం ఆటోబాట్లను భూమి నుంచి వెళ్ళగొడుతుంది. వాళ్ళు ఎక్కిన నౌకను శత్రువులు పేల్చేస్తారు. నిజానికి ఆటోబాట్లు చావరు. ముందే విడిపోయే భాగంలో దాగి, సముద్రంలో పడి, బతుకుతారు. షికాగో కాలి కూలిన తర్వాత ప్రత్యక్షమవుతారు. అప్పుడు వారి నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ చెప్పే మాటల సారాంశం ఇది: శత్రువు ఎటువంటివాడో మీ నాయకులకు ఇప్పుడు తెలిసివస్తుంది, మేము వెళ్ళిపోయామని శత్రువు నమ్మడం అవసరమైంది. ఇదెంత భయంకరమైన వాక్యం! మనుషుల నాయకులకు పాఠం నేర్పడానికి ఒక నగరం పలకగా ఉపయోగపడింది. ఆ పలక మీద చెరిగిపోయిన ప్రాణాలకు నాయకులతో గాని, పాఠంతో గాని పనిలేదు. ఈ మాట ప్రతినాయకుడి నోట వచ్చి ఉంటే నేను మెచ్చుకునేవాణ్ణి. నాయకుడి నోట వచ్చింది, వెనక ఉత్తేజకరమైన సంగీతం కూడా వచ్చింది.

2014లో వచ్చిన నాలుగో సినిమాలో షికాగో మళ్ళీ తలపుకు వస్తుంది. "షికాగోను గుర్తుంచుకోండి" అని రోడ్డు పక్కన ఫలకం కనిపిస్తుంది. ఎట్టకేలకు పోయినవాళ్ళను తలచుకున్నారని నేను సంతోషించబోయాను. చూస్తే అది గ్రహాంతరవాసుల ఆచూకీ పట్టివ్వమనే ప్రకటన. చనిపోయినవారి పేరు చెప్పి మరొక వేటకు జనాన్ని కూడగడుతున్నారన్నమాట. నిజజీవితంలో ప్రభుత్వాలు స్మృతిని ఎలా వాడుకుంటాయో ఆ సినిమా తెలియకుండానే సరిగ్గా చూపించింది. కాని ఆ దారిలో నాలుగడుగులు వేయకుండానే, ఈసారి హాంకాంగ్‌లో భవనాలు కూల్చడానికి వెళ్ళిపోయింది.

యుద్ధమన్నాక నగరాలు కూలవా, వీరుడు మాత్రం ఏం చేస్తాడని ఎవరైనా అనవచ్చు. చేయవలసింది ఏమిటో రెండు కథలు చెబుతాయి. ఒకటి హాలీవుడ్‌దే, రెండోది మనది.

1980 నాటి రెండో సూపర్‌మ్యాన్ సినిమాలో క్రిప్టాన్ గ్రహపు నేరస్థులు ముగ్గురు మెట్రోపొలిస్ నగరంలో సూపర్‌మ్యాన్‌తో తలపడతారు. క్రిప్టాన్‌వారి తగవును క్రిప్టాన్‌వారే మానవనగరంలో తేల్చుకుంటున్నారు. సూపర్‌మ్యాన్‌కు జనమంటే జాలి ఉందని, అదే అతడి బలహీనత అని శత్రువులు కనిపెడతారు. జనం నిండిన బస్సును ఆయుధం చేస్తారు. అప్పుడు సూపర్‌మ్యాన్ ఒక్కసారిగా ఎగిరిపోతాడు. పారిపోయాడని జనం నివ్వెరపోతారు. అతడు చేసినది యుద్ధాన్ని నగరం నుంచి ఉత్తరాన మంచుదిబ్బల్లోకి, ఎవరూ లేని చోటుకు, తరలించడం. పిరికివాడన్న నింద పడినా ఊరు నిలవడం ముఖ్యమనుకున్నాడు. ఆనాటి చిత్రీకరణ ఈనాటి కళ్ళకు పిల్లలాటలా కనిపించవచ్చు. ఆలోచన మాత్రం పెద్దమనిషిది.

మనదైన కథ భాగవతం దశమస్కంధంలో ఉంది. జరాసంధుడు పదిహేడు మార్లు మథుర మీదకు దండెత్తి ఓడిపోయాడు. పద్దెనిమిదోసారి అతడు బయలుదేరుతుండగా, మరోవైపు నుంచి కాలయవనుడు మూడుకోట్ల సేనతో వచ్చి నగరాన్ని ముట్టడించాడు. కృష్ణుడు బలరాముడితో కలిసి చేసిన ఆలోచన ఏమిటి? మనం ఇతడితో పోరాడుతూ ఉంటే నేడో రేపో జరాసంధుడు వచ్చి మనవాళ్ళను చంపుతాడు, లేదా చెరపట్టుకుపోతాడు. కనుక ముందు మనవాళ్ళను భద్రమైన చోట చేర్చాలి. సముద్రం నడుమ ద్వారక కట్టించి, మథురలోని జనాన్నంతా అక్కడికి చేర్చిన తర్వాతనే ఆయన నగరద్వారం దాటి, ఆయుధం లేకుండా బయటకు నడిచాడు. కాలయవనుడు వెంటబడితే పరుగెత్తి, ముచికుందుడు నిద్రిస్తున్న కొండగుహ దాకా తీసుకుపోయాడు. యుద్ధం నుంచి పారిపోయినవాడన్న పేరు వచ్చింది. ఆ పేరును గుజరాత్ ప్రజలు గౌరవంగా స్వీకరించి, డాకోర్‌లో రణఛోడ్ రాయ్ అని నేటికీ కొలుస్తున్నారు. ఊరిని కాపాడడానికి పరుగెత్తడం దేవుడికి తగిన పనేనని ఒక సమాజం ఒప్పుకుంది. మిషన్ సిటీ కథ రాసినవారికి ఈ ఘట్టం తెలిసి ఉంటే, ఆ ఘనాన్ని ఎడారిలోకి పరుగెత్తించేవారేమో.

2013 నాటి మ్యాన్ ఆఫ్ స్టీల్ సినిమాలో జాక్ స్నైడర్ అదే జనరల్ జాడ్‌ను మళ్ళీ తెచ్చాడు. భూమిని క్రిప్టాన్‌గా మార్చే యంత్రం మెట్రోపొలిస్ నడిబొడ్డున పనిచేస్తుంది. వీధులు పొడిపొడి అవుతాయి. ఆ తర్వాత సూపర్‌మ్యాన్, జాడ్ భవనాల గుండా ఒకరినొకరు విసురుకుంటారు. 2001 సెప్టెంబరు 11 నాటి న్యూయార్కు దృశ్యాలను కళ్ళారా చూసిన ప్రేక్షకులు ఆ బూడిదమేఘాన్ని చూసి నొచ్చుకోవడంలో వింత లేదు. ఒక మంచి సన్నివేశం ఉంది. శిథిలాల్లో ఇరుక్కున్న జెన్నీ అనే ఉద్యోగిని చేయి పట్టుకుని, పత్రికా సంపాదకుడు పెర్రీ వైట్ కదలకుండా అక్కడే ఉండిపోతాడు. ఆ నిమిషంలో నగరం పాత్ర అవుతుంది. మరునిమిషంలో మళ్ళీ గోదా.

అయితే ఆ దర్శకుడికి విమర్శ చెవిన పడిందో, ముందే ఆలోచన ఉందో గాని, 2016లో తీసిన తర్వాతి సినిమాను అదే యుద్ధంతో మొదలుపెట్టాడు, ఈసారి నేలమీద నుంచి. బ్రూస్ వేన్ ఆ బూడిదలోకి పరుగెత్తుతాడు. తన సంస్థ భవనం కళ్ళముందు కూలుతుంది. కాళ్ళు నలిగిన ఉద్యోగి, తల్లి పోయిన చిన్నపాప కనిపిస్తారు. తలెత్తి చూస్తే ఆకాశంలో రెండు చుక్కలు కొట్టుకుంటూ ఉంటాయి. ఆ చిత్రం మిగతా భాగంతో నాకు చాలా అభ్యంతరాలున్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోను. ఆ మొదటి నిమిషాలు మాత్రం ఈ తరహా కథలన్నింటికీ చేసిన ప్రాయశ్చిత్తం. అవే భవనాలు, అదే యుద్ధం. కెమెరా ఆకాశం నుంచి వీధిలోకి దిగడంతో అర్థమంతా తలకిందులైంది.

"ఇదంతా పిల్లల వినోదం, దీనికింత రాద్ధాంతం ఎందుకు?" అనే ప్రశ్న రాక తప్పదు. రాద్ధాంతం ఎందుకంటే, రెండు పరాయి పక్షాలు మూడోవాడి ఊళ్ళో యుద్ధం చేయడం కల్పన కాదు కనుక.

1945 ఫిబ్రవరి 3 నుంచి మార్చి 3 వరకు మనీలా నగరంలో అమెరికా, జపాను సేనలు పోరాడాయి. ఫిలిప్పీన్స్‌ను 1898 నుంచి ఏలినది అమెరికా, 1942లో ఆక్రమించినది జపాను. నగరం మాత్రం ఫిలిప్పినోలది. నెలరోజుల్లో సుమారు లక్షమంది పౌరులు చనిపోయారు. జపాను సైనికులు సాగించిన ఊచకోతలో కొందరు, అమెరికా ఫిరంగుల దెబ్బకు కొందరు. ఇంట్రామురోస్ అనే పాత కోటనగరం నేలమట్టమైంది. చనిపోయిన అమెరికా సైనికులు వేయి పైచిలుకు. ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. విముక్తి జరిగింది, అందులో సందేహం లేదు. జపాను దురాగతాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. న్యాయమైన పక్షం గెలిచినా లేగల లెక్క వేరే రాయవలసి ఉంటుందనే నేను చెప్పేది. ఆ పేరులేని మృతులకు ఇంట్రామురోస్‌లో స్మారకం వెలసినది 1995లో, యాభై ఏళ్ళకు.

మన నేల మీదకు వద్దాం. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో కల్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషువారు, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచివారు తలపడ్డారు. విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువారి వైపు ఉన్నాడు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువారి పరమైంది. సముద్రాలకవతల పుట్టిన తగవు అది. దాని ఫలితంగా తెలుగుతీరం చేతులు మారింది. ఈ యుద్ధం పేరు చెప్పగానే మనకు ఇద్దరు సేనానుల పేర్లు గుర్తుకొస్తాయి. చందుర్తిలో ఆ ఏడు ఎవరి చేను తొక్కివేతకు గురైందో మనం అడగం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు కూడా తగవు ఆ ఊళ్ళది కాదు. సైబర్ట్రాన్ మనకు మరీ అంత దూరంలో లేదని నేను అంటే అతిశయోక్తి అనుకోవద్దు.

కథకు ఈ లెక్క రాసే శక్తి ఉంది. 1954లో ఇషిరో హోండా తీసిన గాడ్జిల్లా మొదటి చిత్రంలో మృగం టోక్యోను తొక్కిన తర్వాత కథ ఆసుపత్రికి వెళ్తుంది. నేలంతా క్షతగాత్రులు. ఒక పసిబిడ్డ దగ్గర అణుధార్మికతను కొలిచే పరికరం పెడతారు. తప్పించుకోలేని తల్లి ఒకతె పిల్లలను దగ్గరకు తీసుకుని, నాన్న దగ్గరకు వెళ్ళిపోతున్నామని ఊరడిస్తుంది. హిరోషిమా జరిగి అప్పటికి తొమ్మిదేళ్ళే. రబ్బరు తొడుగులో మనిషి తొక్కిన అట్టముక్కల నగరం, కోట్లు కుమ్మరించి కంప్యూటరులో కూల్చిన నగరం కన్నా ఎక్కువ బాధపెట్టడానికి కారణం సాంకేతికత కాదు. మరునాడు ఏం జరిగిందో చూపించే ధైర్యం ఆ దర్శకుడికి ఉంది.

మన మహాభారతంలో ఆ ధైర్యం ఇంకా పాతది. యుద్ధాన్ని హస్తినలో కాక కురుక్షేత్రంలో, ఊళ్ళకు ఎడంగా పెట్టడం ఒక విశేషం. పద్దెనిమిది రోజులూ ముగిశాక జయజయధ్వానాలతో ముగించకుండా, స్త్రీపర్వం అని ఒక పర్వమే కేటాయించడం అంతకుమించిన విశేషం. గెలిచిన పక్షపు స్త్రీలూ, ఓడిన పక్షపు స్త్రీలూ ఒకే నేలమీద తమవారిని వెతుక్కుంటారు. గాంధారి కృష్ణుణ్ణే నిలదీస్తుంది. తిక్కన దాన్ని తెలుగు చేసేటప్పుడు కథ అయిపోయింది కదా అని దాటవేయలేదు. ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలకు లేనిది స్త్రీపర్వమే. ఆప్టిమస్ ప్రైమ్‌ను నిలదీసే గాంధారి షికాగోలో ఒక్కతె కూడా లేకపోయింది.

గంభీరంగానే చెప్పాలన్న నియమం కూడా లేదు. వీరుల పోరాటాల తర్వాత నగరాన్ని ఊడ్చి, గోడలు కట్టే కాంట్రాక్టు సంస్థ మీద డ్యామేజ్ కంట్రోల్ అనే హాస్యకథామాలికను మార్వెల్ వారు 1989లోనే వేశారు. 2017 నాటి స్పైడర్‌మ్యాన్ సినిమా కూడా అక్కడే మొదలవుతుంది. న్యూయార్కులో గ్రహాంతర సేన మిగిల్చిన చెత్తను ఎత్తడానికి అప్పుచేసి లారీలు కొనుక్కున్న ఒక మేస్త్రీ, పై అధికారులు వచ్చి పని లాగేసుకుంటే, దొంగగా మారతాడు. శిథిలాల బేరం, పోయిన కూలి, పెరిగిన కసి: ఇదీ నగరం లోపలి నుంచి పుట్టే కథ.

ఈ మాటలన్నీ హాలీవుడ్ వారికి చేరతాయని నాకు భ్రమ లేదు. తెలుగులో విజ్ఞానకల్పన రాయాలన్న ఉత్సాహం మనలో చాలామందికి ఉంది కనుక వారికోసం చెబుతున్నాను. ఆకాశం నుంచి ఇద్దరిని దింపి మన నగరంలో కొట్లాడించదలచుకుంటే దించండి, సంతోషంగా చదువుతాను. ఆ ఇద్దరి పేర్లు పెట్టేముందు, ఆ వీధిలో కాపురముండే నలుగురి పేర్లు రాసుకోండి. ఆ ఉదయం అక్కడ ఎవరు కొట్టు తెరిచారో, ఎవరి బిడ్డ బడికి వెళ్ళిందో, ఏ ముసలమ్మ మంచం దిగలేని స్థితిలో ఉందో తేల్చుకోండి. అప్పుడు మీ వీరుడు మొదటి దెబ్బ కొట్టేముందు ఒక్క క్షణం ఆగి చుట్టూ చూడక తప్పదు. ఆ చూపు లేనివాడు ఏ గ్రహం నుంచి వచ్చినా, ఏ పక్షాన నిలిచినా, నా లెక్కలో అతడు కూడా ఆంబోతే.